బోల్టు కింద ఉప్పు

రావ్దుయావ్రి
జనవరి 14, 1996

లెమెత్,

ఈ కవరు నీకంటే ముందు అక్కడి జైలు గార్డు విప్పుతాడని తెలుసు. విప్పనీ. మన భాష వాడికి రాదు కాబట్టి అన్నీ రాయొచ్చు. ఫోనులో అయితే నువ్వు వినిపించుకోవు, మధ్యలో నువ్వే మాట్లాడతావు. అందుకని రాస్తున్నాను.

మంచుబండి మొరాయిస్తోంది. బ్యాటరీని రాత్రి ఇంట్లోకి తెచ్చి చార్జరుకు తగిలించి, పొద్దున బిగించి మీట నొక్కితే ఇంజను వెంటనే అందుకుంటుంది. కొండమీదికి పోయి, ఇంజను ఆపి, మందను ఒకసారి చూసుకుని వచ్చి మళ్ళీ నొక్కితే టక్‌మని ఒక్క చప్పుడు. అంతే. తాడు లాగమంటావు. నా భుజం సంగతి మరిచిపోయావేమో. దొడ్లో ఆ మగజింక నన్ను గుంజకేసి కొట్టినప్పటి నుంచి నా కుడిచెయ్యి చెవి దాకా లేవదు. తాడు లాగగలిగితే మీట ఉన్న బండి నాకెందుకు?

పోయిన వారం అవతలి వాలు నుంచి నడిచొచ్చాను. పెద్దాయన ఆస్లాత్ చూశాడు. ఇంటికొచ్చి కాఫీ తాగి, మెల్లగా తన మాట చెప్పాడు. వసంతంలో మంద తీరానికి కదిలేటప్పుడు ఎవరి జింకల్ని వాళ్ళే నడిపించుకోవాలి. నడిపించుకోలేని వాళ్ళవి మన మందల కూటమిలో ఇంకొకరి చేతికిందికి పోతాయి. నావీ నీవీ పోయేది ఎవరి చేతికిందికో నీకు చెప్పనక్కర్లేదు. మన చిన్నాన్న కొడుకు బియెర. ఒకసారి వాడి లెక్కలోకి పోయాక, ఈ వసంతంలో పుట్టే కూనల చెవులకు నీ గుర్తు ఎవరు కోస్తారు? నువ్వు తిరిగొచ్చేసరికి నీ గుర్తున్న చెవులు కొండమీద ఉండాలి. నాకు ఇదొక్కటే పని.

ఇంకో మాట. క్రిస్మస్ ముందు నేను చర్చికి పోయినప్పుడు బియెర మన కొట్టంలో, బండి పక్కన నిలబడి ఉన్నాడని పక్కింటి రిస్తెన్ చెప్పింది. ఎందుకొచ్చాడో నేను అడగలేదు. జింకల దొంగతనం కేసులో నీ మీద కోర్టులో సాక్ష్యం చెప్పిన నోటితోనే నన్ను ఇంకా అక్కా అంటాడు.

ఏం చూడాలో రాయి. నీ మీటరు డబ్బాలోనే ఉంది.

గారెన్


ట్రోమ్సో
జనవరి 23

అక్కా,

ఇక్కడ నాతో పిట్టగూళ్ళు చేయిస్తున్నారు. చెక్కకు చిల్లి పెట్టడం, మేకు కొట్టడం. మధ్యాహ్నానికి చీకటి పడే ఊళ్ళో ఈ గూళ్ళల్లో ఏ పిట్ట దిగుతుందో నాకు తెలియదు. నీ బండి సంగతి చదివాక చేతులు దురద పెట్టాయి.

జాగ్రత్తగా చదువు. బ్యాటరీ చచ్చిందా, బ్యాటరీని నింపే దారి చెడిందా అన్నవి రెండు వేరు వేరు జబ్బులు. ముందు ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ మీద మీటరు పెట్టు. ఎర్ర కొన ప్లస్‌కు, నల్ల కొన మైనస్‌కు. పన్నెండున్నర పైన ఉంటే బ్యాటరీ మంచిదే. తర్వాత ఇంజను నడుస్తుండగా చూడు. కొద్దిగా రేస్ చేస్తే పద్నాలుగు దాకా ఎక్కాలి. ఎక్కకపోతే నింపే దారి చెడినట్టు.

అప్పుడు ముందు మూత ఎత్తు. ఇంజను పక్కనుంచి రెండు పసుపు తీగలు వచ్చి, రెక్కలు రెక్కలుగా ఉన్న చిన్న పెట్టెలోకి పోతాయి. దాన్ని రెగ్యులేటర్ అంటారు. ఆ ప్లగ్గు ఊడదీసి, ఇంజను నడుస్తుండగా ఇంజను వైపు తీగలు రెండింటికీ మీటరు కొనలు ఆనించు. ఇరవై పైన చూపించాలి, రేస్ చేసినకొద్దీ పెరగాలి. జాకెట్టు చెయ్యి బెల్టులో పడనివ్వకు. నీకున్న మంచి చెయ్యి ఒక్కటే.

బియెర కొట్టంలో నిలబడ్డాడంటే ఊరికే నిలబడలేదు. వాడు ఎక్కడ నిలబడినా ఏదో ఒకటి చూసి పెట్టుకుంటాడు, తర్వాత ఎక్కడో చెబుతాడు. నాకిక్కడ గోడ చూస్తూ కూర్చోవడం తప్ప పని లేదు. గోడ మీద రోజూ వాడి మొహమే కనబడుతుంది.

లెమెత్


రావ్దుయావ్రి
ఫిబ్రవరి 4

లెమెత్,

ముందు అంకెలు. ఇంజను ఆపి ఉంటే పన్నెండు పాయింట్ ఏడు. నడుస్తుంటే పన్నెండున్నర. లైటు వేస్తే ఇంకా కిందికి. ఎంత రేస్ చేసినా పైకి ఎక్కలేదు.

పసుపు తీగలు సున్నా. కొనలు మార్చి పెట్టాను, సున్నా. గట్టిగా రేస్ చేశాను, కుక్కలు మొరిగాయి గానీ మీటరు కదల్లేదు. తీగల కొసలు గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాను. సున్నానే.

నీ మీటరులో బ్యాటరీ అయిపోయిందేమోనని రిస్తెన్ టార్చిలోంచి తీసి వేశాను. ఇప్పుడు రిస్తెన్ టార్చి వెలగదు, తిడుతోంది.

చలి ముదిరింది. మంద పైపొర గీకి నాచు తింటోంది, కింద గడ్డకట్టలేదు కాబట్టి ఈ ఏడు మేత దిగులు లేదు. మన గంటజింక ముజెత్ బాగున్నాడు. నా బండి చప్పుడు వింటే చాలు, ఉప్పు కోసం పరిగెత్తుకొచ్చి సంచి ఉన్న వైపు మూతి పెడతాడు. వాడు నా వెనక నడిస్తే మిగతావన్నీ వాడి వెనక నడుస్తాయి. బండి లేకపోతే వాడూ నడవడు.

త్వరగా రాయి.

గారెన్


ట్రోమ్సో
ఫిబ్రవరి 12

అక్కా,

నీ ఉత్తరంలో అంకెలు చూసి ఇవేం సంకేతాలని గార్డు అడిగాడు. బ్యాటరీ అన్నాను. నమ్మలేదు. ఇంకొకడిని పిలిచాడు, అతను కూడా నమ్మలేదు. చివరికి నేనే పటం గీసి చూపించాను.

సున్నా అన్నావు. పాతబడిన కాయిల్ తక్కువ చూపిస్తుంది, సగం చూపిస్తుంది. ఉత్త సున్నా చూపించదు. సున్నా అంటే తీగ తెగినట్టు. నీ బండి కిందటేడాది నేను విప్పి బిగించిందే, దానంతట అది తెగే తీగ అందులో లేదు. ఎవరో కోశారు. ఎవరు కోశారో నీకూ తెలుసు నాకూ తెలుసు.

వాడికి నన్ను ఇక్కడికి పంపడం చాల్లేదు. నీ బండి ఆగిపోవాలి, నువ్వు నడవలేక కూర్చోవాలి, మన మంద వాడి వెనక నడవాలి. వేసవికి నేను బయటికొచ్చి చూస్తే నా గుర్తు ఉండకూడదు.

నాకు వాణ్ణి కొట్టాలని లేదు. కొడితే మళ్ళీ ఇక్కడికే పంపిస్తారు. నాకు ఒకటే కావాలి. కొండమీద వాడి బండి ఆగిపోవాలి, వాడు చెయ్యి ఎత్తి నిన్ను పిలవాలి, నువ్వు వాడి మొహం చూడకుండా పోవాలి. రాత్రి పడుకుంటే నాకు కథలాగా అదే నడుస్తుంటుంది. అది తల్చుకుంటేనే నిద్ర పడుతోంది.

పసుపు తీగలు ఇంజను లోపలికి పోయేచోట రబ్బరు తొడుగు ఉంటుంది. అక్కడ చూడు. కోత అక్కడే ఉంటుంది.

లెమెత్


ట్రోమ్సో
ఫిబ్రవరి 15

అక్కా,

నిన్న పిట్టగూటికి మేకు కొడుతుంటే గుర్తొచ్చింది. నీకు ఒకటి చెప్పానా లేదా? మీటరు మధ్యలో తిప్పే మీట ఉంటుంది కదా. బ్యాటరీకి పెట్టినప్పుడు అది గీత గుర్తు మీద ఉండాలి. పసుపు తీగలకు పెట్టినప్పుడు అల గుర్తు మీదికి తిప్పాలి. ఆ తీగల్లో వచ్చేది ఇంట్లో కరెంటులాంటిది, బ్యాటరీ కరెంటు కాదు. గీత గుర్తు మీదే ఉంచి చూస్తే ఎంత మంచి కాయిల్ అయినా సున్నానే చూపిస్తుంది.

తిప్పావా? తిప్పి ఉంటే నా పోయిన ఉత్తరం అక్షరాలా నిజం. తిప్పకపోతే మళ్ళీ చూసి రాయి. ఇరవై పైన వస్తే కాయిల్ మంచిదే. అప్పుడు మీటరును గీత మీదికి తిప్పి, ఇంజను నడుస్తుండగా, నల్ల కొన బ్యాటరీ మైనస్‌కూ ఎర్ర కొన రెగ్యులేటర్ ఒంటికీ పెట్టు. అక్కడ ఏమీ చూపించకూడదు. ఒకటో ఒకటిన్నరో చూపిస్తే, రెగ్యులేటర్‌ని చట్రానికి పట్టి ఉంచే బోల్టు దగ్గర కరెంటుకు దారి లేనట్టు.

తొందరపడి ఎవరినీ ఏమీ అనకు.

లెమెత్


రావ్దుయావ్రి
ఫిబ్రవరి 21

లెమెత్,

నీ పన్నెండో తారీఖు ఉత్తరం అందింది. రబ్బరు తొడుగు దగ్గర వేలు పెట్టి వెతికాను. కోత దొరకలేదు. లోపల ఎక్కడో ఉండి ఉంటుంది, నా వేలికి అందలేదు.

బియెర కొట్టంలో ఏం చేసి ఉంటాడా అని దీపం పెట్టి నలుమూలలా చూశాను. బండి వెనక కొక్కేనికి నాలుగు జింక కాలితోళ్ళు వేలాడుతున్నాయి. ఎండబెట్టి, గీకి, మెత్తగా చేసినవి. ఒక జత బూట్లకు సరిపోతాయి. కోత చూస్తేనే తెలిసింది బియెర చేతిదని. చేసిన పని కప్పిపుచ్చడానికి పెట్టిపోయాడన్నమాట.

శనివారం దుకాణంలో కనబడ్డాడు. ఆస్లాత్ ఉన్నాడు, రిస్తెన్ ఉంది, ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. తోళ్ళు నచ్చాయా అక్కా అని అడిగాడు. నా తమ్ముణ్ణి అమ్మి నాకు బూట్లు పెడుతున్నావా అన్నాను. నా బండికి చేసింది చాలలేదా అని కూడా అన్నాను. వాడు ఎర్రబడి, ఏ బండి అన్నాడు. నేను పిండి సంచి తీసుకుని వచ్చేశాను. ఆస్లాత్ తల వంచుకుని పొగాకు డబ్బా వెతుక్కున్నాడు.

అందరూ వినాలనే అన్నాను. విన్నారు.

గారెన్


రావ్దుయావ్రి
మార్చి 3

లెమెత్,

మంచుతుఫానుకు పోస్టు బండి రాలేదు. నీ పదిహేనో తారీఖు ఉత్తరం మొన్ననే చేతికొచ్చింది.

తిప్పలేదు. తిప్పాలని నువ్వు చెప్పలేదు. నీకు అందరూ పుట్టుకతోనే మెకానిక్కులని నమ్మకం. అల గుర్తు మీదికి తిప్పి చూస్తే ఇరవై ఆరు. రేస్ చేస్తే నలభై దాటింది.

రెగ్యులేటర్ ఒంటికి పెట్టి చూస్తే ఒకటి పాయింట్ ఆరు. బోల్టు విప్పాను. కింద తెల్లగా, పచ్చగా పొరలు పొరలుగా పెచ్చు కట్టి ఉంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ముజెత్ ఉప్పుసంచి నేను ముందు మూత కింద, రెగ్యులేటర్ పైనున్న కొక్కేనికే కడతాను. బయట కడితే ఉప్పు రాయిలాగా బిగుసుకుపోతుంది. ఇంజను వేడికి మెత్తగా ఉంటుంది, వాసన కూడా వాడికి దూరం నుంచే తగులుతుంది. నాన్న గుడారంలో కూడా ఉప్పు పొయ్యి పక్కనే ఉండేది. మూతలోకి దూరిన మంచు కరిగి సంచి తడిసి, బొట్టు బొట్టుగా సరిగ్గా ఆ బోల్టు మీద పడుతోందని నాకేం తెలుసు.

కత్తితో గీకి, గరుకు కాగితంతో రుద్ది, కొవ్వు రాసి బిగించాను. పద్నాలుగు పాయింట్ రెండు. కొండమీద మూడుసార్లు ఇంజను ఆపి మూడుసార్లూ నొక్కాను, అందుకుంది.

బియెర దాన్ని ముట్టుకోలేదు. ఈ మాట వాడితో చెప్పడానికి నేను వాళ్ళింటి మెట్లు ఎక్కను. తోళ్ళు కొక్కేనికే ఉన్నాయి. కాల్చలేదు, కుట్టలేదు.

గారెన్


ట్రోమ్సో
మార్చి 11

అక్కా,

పద్నాలుగు పాయింట్ రెండు చదివి ఇక్కడ గట్టిగా నవ్వాను. పక్కవాడు నాకు విడుదల కాగితం వచ్చిందనుకున్నాడు. ఉప్పు కోసం బండి చెడగొట్టుకున్న మనిషి మన కూటమిలో నువ్వే మొదటిదానివి. సంచిని సీటు కింద కట్టు.

కానీ అక్కా, దీంతో వాడు కడిగిన ముత్యం అయిపోడు. బ్యాటరీ వేరు, కోర్టు వేరు. వాడు నీ తీగ కోయలేదు సరే, నా సంవత్సరం కోశాడు. ఆ రోజు వాగు దగ్గర నా బండి చూశాననీ, నా సంచిలో పరాయి గుర్తున్న, కోసిన జింక చెవులు చూశాననీ న్యాయమూర్తి ముందు లేచి చెప్పాడు. చూసినవాడు ఇంటికొచ్చి నాతో చెప్పొచ్చు, ఆస్లాత్‌తో చెప్పొచ్చు. చిన్నాన్న కొడుకు వెళ్ళి చెప్పేది పోలీసుకా?

నేను ఫిబ్రవరిలో రాసింది వెనక్కి తీసుకోను. ఇప్పుడు కూడా అది తల్చుకుంటేనే నిద్ర.

లెమెత్


రావ్దుయావ్రి
మార్చి 29

లెమెత్,

ముజెత్ కొమ్ములు రాలాయి. ఒకటి దొరికింది, రెండోది ఎవరి కుక్కో ఎత్తుకుపోయింది. రిస్తెన్‌కు కొత్త టార్చి కొనిచ్చాను, మాటలు కలిశాయి. ఎండ పెరిగింది, మధ్యాహ్నం మంచు మీద కళ్ళు నిలవవు. పొద్దున మాత్రం ఇంకా చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

పోయిన వారం మంద పడమటి వైపు జారిందని చూడటానికి పోయాను. వచ్చేటప్పుడు గాలి లేచింది, ఉత్తరం వైపు తెల్లగా కమ్ముకొస్తోంది. కొండమీది నడి మైదానంలో ఒక బండి ఆగి ఉంది, మూత ఎత్తి ఉంది. బియెర. బెల్టు తెగిందని తర్వాత తెలిసింది, దాచుకున్న బెల్టు కూడా అంతకుముందే తెగిందట. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తాడు. కొండమీద రెండు చేతులూ ఎత్తితే ఏమిటో మనకు నడక రాకముందే నేర్పారు.

నాకూ వాడికీ మధ్య మన ఇంటికీ కొట్టానికీ మధ్య ఉన్నంత దూరం. నా ఇంజను బాగా నడుస్తోంది. నువ్వు వాడి మొహం చూడకుండా పొమ్మన్నావు. నేను చూసే పోయాను.

వాడు కాపరుల గుడిసె దాకా నడిచాడు. గాలిలో దారి తప్పి, చుట్టూ తిరిగి చేరాడు. పొయ్యి అంటించుకున్నాడు కానీ బూట్లు తడిసి ఉన్నాయి. కుడికాలి వేళ్ళు రెండు ఆసుపత్రిలో తీసేశారు.

నా బండి జాడ వాడి పక్కనుంచే పోయింది, గాలి ఆగాక అందరూ చూశారు. కూటమి ఏప్రిల్ మధ్యలో కూర్చుంటుంది. కొండమీద మనిషిని వదిలి పోయినవాళ్ళకు కూటమిలో చోటు లేదు. నాకు చోటు లేకపోతే నీకూ లేదు. ఆస్లాత్ వచ్చి అడిగాడు. బ్యాటరీ నిండట్లేదు, ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు, నా భుజంతో తాడు లాగలేను, అందుకే ఆగలేదన్నాను. నేను జనవరిలో నడిచొచ్చింది ఆయన కళ్ళతో చూసిందే కదా. తల ఊపాడు. దీని సంగతి లెమెత్‌కు తెలుసు, లెమెత్ రాసి పంపితే చదువుదాం అన్నాడు.

రాసి పంపు.

గారెన్


ట్రోమ్సో
ఏప్రిల్ 6

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను.

నేను ఇక్కడ గోడ చూస్తూ ఏవేవో రాశాను. గోడ చూసేవాడి రాతలు అవి. నువ్వు నాకంటే పెద్దదానివి, చిన్నప్పుడు నేను కత్తి తీస్తే లాక్కున్నదానివి. ఈసారి ఎందుకు లాక్కోలేదు?

ఆస్లాత్ చదవాల్సిన కాగితం ఇందులో విడిగా మడిచి పెట్టాను. రెగ్యులేటర్ బోల్టు కింద ఉప్పు పట్టి బ్యాటరీ నిండకపోవడం నేను అంకెలు చూసి నిర్ధారించానని రాశాను. అలాంటి బండిని చలిలో ఆపకూడదనీ, బొటనవేలు థ్రాటిల్ మీద నుంచి తీస్తే ఇంజను ఆగిపోవచ్చనీ, ఆగితే తాడు లాగలేని మనిషి అక్కడే ఉండిపోతుందనీ రాశాను. అందులో అబద్ధమని ఒక్క మాటను వేలు పెట్టి చూపించలేరు. తేదీ ఒక్కటే వేయలేదు.

వాళ్ళు నీ బండి చూపించమంటే ఏం చేస్తావు? అది పద్నాలుగు చూపిస్తుంది.

లెమెత్


రావ్దుయావ్రి
ఏప్రిల్ 21

లెమెత్,

చూపించమన్నారు.

అంతకుముందే బోల్టు విప్పి, ఉప్పు నీళ్ళతో ముద్దచేసి కింద మెత్తాను, పైన కూడా పోశాను. కొవ్వు తుడిచేశాను. వారం రోజులు సంచిని మళ్ళీ పాత కొక్కేనికే కట్టి తిరిగాను. నీ మీటరుతో చూసుకున్నాను, ఒకటి పాయింట్ ఎనిమిది. ముందుకంటే బాగా చెడింది. విప్పడం నేర్పినవాడివి చెడగొట్టడం కూడా నేర్పినట్టే.

నీ కాగితం ఆస్లాత్ గట్టిగా చదివాడు. చదువుతున్నంతసేపూ బియెర కాలు చాపుకుని బల్ల చివర కూర్చున్నాడు. తర్వాత అందరూ బయటికొచ్చారు. నేను ఊరి చివర దాకా తోలి తెచ్చి ఇంజను ఆపాను. ఆస్లాత్ మీట నొక్కాడు. టక్. మళ్ళీ నొక్కాడు. టక్. ఆయనే మూత ఎత్తి, బోల్టు చూసి, వేలు పెట్టి నాలుకకు రాసుకున్నాడు. సరే అన్నాడు. గారెన్ తన జింకల్ని తానే నడిపించుకుంటుంది అన్నాడు.

బియెరను అడిగారు, నీకేమన్నా చెప్పాలనుందా అని. వాడు నా బండిని చూశాడు, నన్ను చూశాడు. లేదు అన్నాడు. ఉన్నది ఉన్నట్టు లేచి చెప్పే మనిషి ఆ రోజు ఏమీ చెప్పలేదు.

వెంటనే బాగుచేస్తే, ఇన్నాళ్ళూ కానిది కూటమి అయిపోగానే ఎలా బాగుపడిందని అడుగుతారు. తీరానికి చేరేదాకా అలాగే ఉండనిస్తాను. రాత్రి జనరేటరుకు చార్జరు తగిలించుకుని, రోజూ ఒక్కసారి స్టార్ట్ చేసి సాయంత్రం దాకా ఆపకపోతే చాలు. ఎల్లుండి కదులుతున్నాం.

గెలిచాం. రాసి పెట్టుకో.

గారెన్


ట్రోమ్సో
మే 2

అక్కా,

వచ్చే నెల మొదటి వారంలో వదిలేస్తారు. బస్సులో వస్తాను.

బోల్టు శుభ్రం చేశావా? చేయకపోతే ఇప్పుడే చెయ్యి. ఎవరేమన్నా అననీ. వసంతం మంచు మీద, నది దాటేచోట ఆ బండి ఆగితే నిన్ను తీసుకురావడానికి నేను లేను.

లెమెత్


తీరం గుడిసె
మే 16

లెమెత్,

నీ ఉత్తరం ఊరికి పోయి, అక్కడినుంచి ఆస్లాత్ సామానుతో ఇక్కడికి వచ్చింది. చదివేసరికి పని అయిపోయింది.

ముందు మంచి కబురు. జింకలన్నీ చేరాయి. నీ ఆడజింకలు కూనల్ని పెట్టాయి, అన్నీ తల్లుల వెనకే ఉన్నాయి. నువ్వొచ్చాక చెవులు నువ్వే కొయ్యి.

నది దాటే ముందు ముజెత్ ఆగిపోయాడు. మంచు కింద నీళ్ళ చప్పుడు విని వెనక్కి తిరిగాడు, వాడి వెనక అందరూ తిరిగారు. ఉప్పు చేతిలో పెట్టి నాకించాలని దిగాను. ఎప్పుడూ చేసినట్టే, చెయ్యి అలవాటుగా ఇంజను ఆపేసింది. ముజెత్ ఉప్పు నాకాడు, నడవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. నేను మీట నొక్కాను. టక్.

మిగతా వాళ్ళు ముందే అవతలి ఒడ్డు ఎక్కి గుట్ట దాటిపోయారు. ఎండ మంచును తినేస్తోంది. తాడు ఎడమ చేత్తో లాగాను, రెండు చేతులతో లాగాను. కాసేపు కూర్చున్నాను. అప్పుడు వెనకనుంచి బండి చప్పుడు వినబడింది. కాలు బాగాలేదని బియెర అందరికంటే వెనక వస్తున్నాడు.

నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తలేదని నీకు తెలియాలి.

వాడు ఆగాడు. తన ఇంజను ఆపకుండానే దిగి కుంటుకుంటూ వచ్చాడు. నన్ను పక్కకు జరగమన్నాడు. నా బండి తాడు ఒక్కటే గుంజు గుంజాడు, ఇంజను అందుకుంది. తర్వాత రెండు చేతులూ తీసేసి, జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. నా ఇంజను నడుస్తూనే ఉంది. ఇద్దరం దాని చప్పుడే వింటూ నిలబడ్డాం. చాలాసేపు నిలబెట్టాడు.

"లెమెత్ రాశాడు గానీ, వేలు తీసినా ఆగట్లేదే అక్కా" అన్నాడు.

మూత ఎత్తాడు. ఉప్పుసంచిని కొక్కెం నుంచి విప్పి నా చేతికిచ్చాడు. ఇంజను ఆపి, బోల్టు తీసి, కింద ఉన్నదంతా కత్తితో గీకాడు. పెచ్చు కట్టింది కొంచెమే, మిగతాది ముద్దగా ఉంది. ఆ ముద్దను కత్తి మొన మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మంచులో తుడిచాడు. బోల్టు బిగించాడు, మళ్ళీ తాడు లాగాడు. ముజెత్ నా వెనక నడిచాడు, మంద నడిచింది. బియెర చివర నిలబడి అన్నీ దాటేదాకా చూశాడు.

గుడిసె దగ్గర అందరి ముందూ ఏమన్నా అంటాడని చూశాను. అనలేదు. ఆస్లాత్ ఎందుకు ఆలస్యమైందని అడిగితే, అక్క బండి ఆగిందని, తాను ఆగానని చెప్పాడు. అంతే చెప్పాడు. ఆస్లాత్ వాడి భుజం తట్టాడు. ఆ రోజు నుంచి ఎవరు కాఫీ పోసినా ముందు వాడికే పోస్తున్నారు. నా కప్పు కూడా నింపుతున్నారు, నా మొహం చూడకుండా నింపుతున్నారు. వాడికి ఏం తెలుసో వాడు ఇంకా చెప్పలేదు. ఎప్పుడు చెబుతాడో నాకు తెలియదు. రోజూ పొద్దున లేవగానే వాడి గుడారం వైపు చూస్తున్నాను.

ఆ చెవులు నీ సంచిలోకి ఎలా వచ్చాయో నేను నిన్ను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగను.

నిన్న సాయంత్రం వచ్చి, లెమెత్ ఎప్పుడొస్తున్నాడు అని అడిగాడు. చెప్పాను. బస్సు దగ్గరికి నేను వెళ్ళి తీసుకొస్తాను, నీ భుజంతో అంత దూరం కారు నడపలేవు కదా అన్నాడు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. నువ్వు ఇంకోటి రాసి పంపేలోపు నెల మారిపోతుంది.

కాబట్టి బస్సు దిగగానే వాడే ఉంటాడు. కారులో ఇంటిదాకా మీరిద్దరే. వాడు కుడి బూటు ముందు భాగంలో ఎండుగడ్డి ఎక్కువ కూరుకుంటాడు, లేకపోతే బూటు ముడుచుకుపోతుంది. దారిలో ఒకసారి కారు ఆపి ఆ గడ్డి తీసి మళ్ళీ సర్దుకుంటాడు. నీ ముందే సర్దుకుంటాడు. అప్పుడు ఎటు చూడాలో ఇప్పుడే ఆలోచించుకో.

గారెన్